ఒకే స్వరం చుట్టూ ఐదు వయల్స్: పది నెలల పని డైరీ

ఇంగ్లిషు స్వరకర్త హెన్రీ పర్సెల్ 1680 ప్రాంతంలో రాసిన ‘ఒకే స్వరం మీద ఫాంటసియా’ను (ఫాంటసియా అంటే కల్పనను బట్టి సాగే వాద్య రచన) ఐదుగురం వయల్స్ మీద శ్రుతిగా వాయించాలి. దాని పక్కన వాయించడానికి ఇవాళ్టి స్వరకర్త చేత ఒక కొత్త రచన రాయించుకోవాలి. సెప్టెంబరు నుంచి జూన్ దాకా మేం చేసిన పని ఈ రెండే. మేం ఉండేది ఇంగ్లండులో, యార్క్‌షైర్‌లో. ఐదుగురిలో ఎవరికీ సంగీతం వృత్తి కాదు. నాలాగా వీణ ఉన్న ఇంట్లో పుట్టి ఈ వాద్యాల వైపు వచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే, మాకు వృథా అయిన నెలలు వాళ్ళకు కాకూడదని రాస్తున్నాను.

వయల్ అంటే వయొలిన్ కాదు. దానికి ఆరు తంతులు, మెడ మీద ఏడు మెట్లు. చిన్నదైనా పెద్దదైనా కాళ్ళ మధ్య నిలబెట్టి వాయిస్తారు. కమానును అరచెయ్యి పైకి ఉండేలా కింద నుంచి పట్టుకుంటారు. ఆ మెట్లు ఇత్తడివి కావు, మైనంలో పొదిగినవీ కావు. గొర్రె పేగు దారాన్ని మెడ చుట్టూ బిగించి కట్టినవి, కాబట్టి జరపొచ్చు. మా ఇబ్బందుల్లో సగం ఆ జరపడంలోంచే వచ్చాయి.

మా దగ్గరున్నవి: ట్రెబుల్ (చిన్నది) రెండు, టెనర్ (మధ్యరకం) రెండు, బాస్ (పెద్దది) ఒకటి. ఇంగ్లిషు సంగీతకారుడు థామస్ మేస్ 1676లో చెప్పిన లెక్క ప్రకారం ఒక పెట్టెడు వయల్స్ అంటే మూడు రకాలూ రెండేసి, మొత్తం ఆరు. రెండో బాస్ మాకు లేదు. ఈ ఫాంటసియాకు ఐదు చాలు.

దశ 1: మెట్లు (సెప్టెంబరు, అక్టోబరు)

మొదటి రిహార్సల్‌లో స్కోరులో (అందరి పార్టులూ ఒకచోట రాసిన ప్రతిలో) మొదటి వరస దాటలేకపోయాం. ఎవరి వాద్యం వారి దగ్గర బాగానే ఉంది. ఐదూ కలిసేసరికి ప్రతి నిలకడ స్వరం దగ్గరా అల కొట్టినట్టు వణుకు. వయల్ మీద స్వరాన్ని ఊపకుండా నిటారుగా నిలబెడతారు కాబట్టి చిన్న తేడా కూడా దాక్కోదు.

రెండో వారం స్టీలు స్కేలు తెచ్చి కొలిచాను. రెండు టెనర్లకూ తంతి పొడవు ఒకటే, 560 మి.మీ. మూడో మెట్టు మాత్రం ఒకదాని మీద 87.5 దగ్గర, రెండోదాని మీద 91.0 దగ్గర ఉంది. మూడున్నర మిల్లీమీటర్ల తేడా అంటే శ్రుతిలో 13 సెంట్లు. సెంటు అంటే అర్ధస్వరంలో (పక్కపక్కనున్న రెండు స్వరస్థానాల మధ్య దూరంలో) నూరో వంతు. పర్సెల్ ఫాంటసియాలో మొదటి నుంచి చివరి దాకా మోగే ఆ ఒక్క ‘సి’ స్వరం (పాశ్చాత్య సంగీతంలో స్వరాలకు ఎ నుంచి జి దాకా అక్షరాలే పేర్లు) టెనర్ మీద వచ్చేది సరిగ్గా ఈ మూడో మెట్టు మీదే. అది తప్పితే మిగతా నలుగురూ తప్పినట్టే.

మొదటి ప్రయత్నం: ఫోను ట్యూనర్ చూపించే సమ విభజన (స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసే పద్ధతి) ప్రకారం అన్నీ పెట్టాం. ఐదు వాద్యాలూ ఒకదానితో ఒకటి కలిశాయి, కానీ మేళవింపులో మాధుర్యం రాలేదు. కారణం తెలిసిందే: సమ విభజనలో అంతర గాంధారం 400 సెంట్లు, సహజంగా పలికేది 386.3. దాదాపు 14 సెంట్లు ఎక్కువ. పియానో మీద చెవి సర్దుకుపోతుంది, వయల్ మీద సర్దుకోదు.

రెండో ప్రయత్నం: పావు కామా మీన్‌టోన్ అనే పాత పద్ధతి. కామా అనే చిన్న అంతరంలో పావు వంతు చొప్పున పంచమాలను కుదిస్తారు. ఇందులో గాంధారాలు స్వచ్ఛంగా వస్తాయి. కాకపోతే ఇక్కడ అర్ధస్వరాలు రెండు రకాలు: 117 సెంట్లది ఒకటి, 76 సెంట్లది ఒకటి. టెనర్ మొదటి మెట్టు మీద ‘ఎ’ తంతికి బి ఫ్లాట్, ‘డి’ తంతికి ఇ ఫ్లాట్ (ఫ్లాట్ అంటే కిందికి దించిన స్వరం) కావాలి, అవి పెద్దవి. ‘సి’, ‘ఎఫ్’ తంతులకు షార్ప్‌లు (పైకి ఎత్తిన స్వరాలు) కావాలి, అవి చిన్నవి. కొలిచి చూస్తే ఒకే మెట్టు 36.6 మి.మీ. దగ్గరా ఉండాలి, 24.1 దగ్గరా ఉండాలి. పన్నెండున్నర మిల్లీమీటర్ల దూరం. వదిలేశాం.

మూడో ప్రయత్నం: ఆరో వంతు కామా. పెద్ద అర్ధస్వరం 108.1, చిన్నది 88.6. గాంధారం 393.5, అంటే స్వచ్ఛం కాదు గానీ చెవికి హాయిగా ఉంటుంది. మొదటి మెట్టు దగ్గర దూరం 6 మి.మీ.కి తగ్గింది. దీని మీదే స్థిరపడ్డాం.

560 మి.మీ. టెనర్‌కు కొలతలు, పై మేరు (మెడ పైకొసన తంతులు ఆనే పట్టీ) నుంచి మిల్లీమీటర్లలో (ముందు సమ విభజన, తరువాత మేం పెట్టింది):

మెట్టు 1: 31.4, 33.9
మెట్టు 2: 61.1, 60.2
మెట్టు 3: 89.1, 90.4
మెట్టు 4: 115.5, 113.9
మెట్టు 5: 140.5, 140.9
మెట్టు 6: 164.0, 161.8
మెట్టు 7: 186.2, 185.9

వేరే పొడవున్న వాద్యానికైతే తంతి పొడవును వరసగా 0.0606, 0.1074, 0.1615, 0.2033, 0.2516, 0.2889, 0.3320తో గుణించండి. లెక్క ఇక్కడి దాకే పనికొస్తుంది. వేలితో నొక్కినప్పుడు తంతి సాగి స్వరం కాస్త పైకి పోతుంది, కాబట్టి ప్రతి మెట్టునూ చెవి పెట్టి కొద్దిగా మేరు వైపు జరుపుకోవాలి. నేను రెండు వారాలు లెక్కనే పట్టుకు వేలాడాను. విజయనగరంలో అమ్మకు ఫోన్ చేసి ఈ సంగతి చెబితే, “గొల్లపల్లి నుంచి వచ్చినాయన మన వీణకి మేళం కట్టినప్పుడు ఒక్కో మెట్టూ మైనంలో పెట్టి మీటి చూసుకునేవాడు కదరా, ఎప్పుడైనా కొలబద్ద తీశాడా?” అంది. ఆ రాత్రి స్కేలు పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. మూడో మెట్టు చివరికి 89.8 దగ్గర ఆగింది.

మొదటి మెట్టుకు మిగిలిన 6 మి.మీ. తగాదా ఎలా తీరిందంటే: పేగు దారం రెండు పేటలుగా కడతాం కాబట్టి ఆ పేటలను విడదీసి, ఒకటి 33.9 దగ్గర, ఒకటి 27.9 దగ్గర ఉంచాం. రెండో పేటకు తంతి తగిలి జర్రుమంది. మూడు రోజుల తరువాత పేటలు కలిపేసి, ‘సి’, ‘ఎఫ్’ తంతుల కింద మాత్రం 27.9 దగ్గర చిన్న చెక్క ముక్కను రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించాం. దీన్ని టాస్టినో అంటారు, పదహారో శతాబ్దంలోనే దీని మీద వాదులాడుకున్నారు. మెట్టు మందం 0.95 మి.మీ., టాస్టినో మందం 1.1. ఆ కాస్త ఎత్తు లేకపోతే మళ్ళీ జర్రుమంటుంది. అదృష్టం ఏమిటంటే మూడు రకాల వయల్స్ మీదా టాస్టినో కావలసిన తంతులు పక్కపక్కనే ఉంటాయి, ఒక్క ముక్క సరిపోతుంది.

మెట్టు కట్టే పద్ధతి:

1. తంతులు కాస్త వదులు చెయ్యండి. పూర్తిగా తీసెయ్యకండి, బ్రిడ్జి పడిపోతుంది.
2. పేగు దారాన్ని తంతుల కింద నుంచి మెడ చుట్టూ రెండుసార్లు తిప్పండి. కట్టాల్సిన చోట కాకుండా మేరుకు దగ్గరగా, మెడ సన్నగా ఉన్న చోట కట్టండి.
3. ముడి బొటనవేలికి తగలని అంచు మీదకి రావాలి.
4. కొసలు 4 మి.మీ. ఉంచి కోసి, వేడి సోల్డరింగ్ ఐరన్‌తో ముట్టించండి. కొస ఉబ్బి గుండులా అయ్యి ముడి జారకుండా ఆపుతుంది.
5. ఇప్పుడు మెట్టును అసలు చోటికి తోయండి. మెడ లావయ్యే కొద్దీ అదే బిగుస్తుంది.

నాలుగో మెట్టు కట్టేటప్పుడు ఐరన్ పక్క తంతికి తగిలి తెగింది. మధ్యలో అట్టముక్క పెట్టుకోవాలని ఆ తరువాత నేర్చుకున్నాను.

లెక్క: మెట్ల దారం 62 పౌండ్లు, తంతులు 118. మొత్తం 180. గంటలు 14. తెగిన తంతులు 1.

దశ 2: శ్రుతి ఎవరి దగ్గర తీసుకోవాలి (నవంబరు)

మెట్లు కుదిరాయి, అయినా ఫాంటసియా కుదరలేదు. ఇది మమ్మల్ని చాలా బాధపెట్టింది. నాలుగు రిహార్సళ్ళు ఇలాగే గడిచాయి.

తప్పు ఎక్కడంటే, అందరం ‘ఎ’ 415 హెర్ట్జ్ పెట్టుకుని ఎవరి ట్యూనర్ చూసి వాళ్ళు ఆరు తంతులూ బిగించుకుంటున్నాం. ఒక్కో తంతి మీద రెండు మూడు సెంట్ల తేడా ఉంటే, ఐదు వాద్యాల ముప్పై తంతుల మీద అది పేరుకుంటుంది. పైగా చర్చి హాల్లో హీటర్ వేశాక నలభై నిమిషాల్లో ట్రెబుల్ పై తంతి 18 సెంట్లు జారింది. వట్టి పేగు తంతులు ఒక దిక్కుకు, లోహం చుట్టిన కింది తంతులు ఇంకో దిక్కుకు పోయాయి.

ఐదో రిహార్సల్‌లో బాస్ వాయించే మా పెద్దాయన ఒక మాట అన్నారు: “ఈ ముక్కలో కదలనిది ఒక్కటే ఉంది. మనం దాన్ని వదిలేసి ఇంకెక్కడో శ్రుతి తీసుకుంటున్నాం.” అప్పటి నుంచి వరస మార్చాం:

1. టెనర్ తన ‘ఎ’ తంతి సరిచేసుకుని మూడో మెట్టు మీద ‘సి’ని కమానుతో నిలబెడుతుంది. మా శ్రుతిలో అది 247.5 హెర్ట్జ్.
2. ట్రెబుళ్ళు ముందుగా తమ మధ్య ‘సి’ తంతిని దానికి కలుపుతాయి. ట్రెబుల్ మీద ఆ స్వరం వట్టి తంతిదే, వేలితో సర్దడానికి వీల్లేదు.
3. రెండో టెనర్, బాస్ తమ ‘ఎ’ తంతి మూడో మెట్టు మీద అదే ‘సి’ని కలుపుకుంటాయి.
4. మిగతా తంతులు ఆ తరువాత, ఒక్కొక్కరుగా, మిగతావాళ్ళు నిశ్శబ్దంగా వింటుండగా.
5. హీటర్ రిహార్సల్‌కు గంట ముందు వేసి, మొదలయ్యాక ముట్టుకోకూడదు.

దీనికి పన్నెండు నిమిషాలు పడుతుంది. మొదట్లో నాలుగు నిమిషాల్లో అయిపోయేది. ఆ ఎనిమిది నిమిషాలు మాకు ఫాంటసియాను తెచ్చిపెట్టాయి. ఆరో రిహార్సల్‌లో మొదటిసారి ఆగకుండా చివరి దాకా వాయించాం. ముక్క ఉండేది మూడు నిమిషాలు. అయిపోయాక ఎవరం వెంటనే కమాను దించలేదు.

లెక్క: హాలు అద్దె గంటకు 12 పౌండ్లు, ఆరు రిహార్సళ్ళు రెండున్నర గంటల చొప్పున, 180. మొదటి నుంచి మొత్తం 360 పౌండ్లు, 29 గంటలు.

దశ 3: రాయించుకోవడం (డిసెంబరు, జనవరి)

ఈ వాద్యాలకు కొత్తగా రాయించడం కొత్త విషయమేమీ కాదు. పర్సెల్ తరువాత వయల్ బృందాలు ఇంగ్లండులో దాదాపు మాయమయ్యాయి. ఆర్నాల్డ్ డోల్మెచ్ లాంటివాళ్ళు పందొమ్మిదో శతాబ్దం చివర్లో మళ్ళీ బయటికి తీశారు. 1986లో మొదలైన ఫ్రెట్‌వర్క్ బృందం పాతవి వాయిస్తూనే బతికున్న స్వరకర్తల చేత రాయించింది. జార్జ్ బెంజమిన్ 1990లో ఒక గాత్రానికీ ఐదు వయల్స్‌కూ రాసిన ‘అపాన్ సైలెన్స్’ అలా వచ్చిందే. అది విన్నాకే నాకు ఈ ఆలోచన పుట్టింది. నిశ్శబ్దానికి అంత దగ్గరగా వాయించగల వాద్యం దాదాపు రెండు వందల ఏళ్ళు అటకెక్కి ఉందంటే మనసు చివుక్కుమంది.

మాకు దొరికిన స్వరకర్త కాలేజీలో పాఠాలు చెప్పే యువతి. మొత్తం 800 పౌండ్లకు ఒప్పుకున్నారు, సగం ముందు, సగం చివర. ఐదారు నిమిషాల రచన, మేలో చేతికి రావాలి.

ఆమెకు ఏం కావాలో చెప్పే ఉత్తరం నేనే రాశాను. ఈ పది నెలల్లో అన్నిటికంటే పెద్ద పొరపాటు ఆ ఉత్తరమే. అందులో రెండు మాటలు రాశాను: ఒకటి, పర్సెల్ నిలబెట్టిన ‘సి’ మా తంబురా షడ్జమం లాంటిది, కొత్త రచనను ఆ ఆధారం మీద నడిపించండి. రెండు, వీణ మీద తంతిని పక్కకు లాగి పలికించే గమకం వయల్ మీద వినిపించండి. రెండూ నేను వయల్‌ను ముట్టుకోకుండా, మా ఇంటి వీణను తలచుకుంటూ రాసినవి. ఆమె నన్ను నమ్మి రచన మొత్తాన్ని ఆ రెంటి మీదే కట్టారు.

లెక్క: మొదటి సగం 400. మొత్తం 760 పౌండ్లు.

దశ 4: మొదటి చిత్తుప్రతి (ఫిబ్రవరి, మార్చి)

తొమ్మిది నిమిషాల రచన వచ్చింది. ఆమెను పిలిచి మూడేసి గంటలు రెండుసార్లు కూర్చున్నాం. పని చెయ్యనివి, కారణాలతో:

గమకం: టెనర్ మీద మూడో మెట్టు దగ్గర తంతిని పక్కకు లాగి కొలిచాం. వచ్చింది 35 సెంట్లు. వీణ మీద ఒకే మెట్టు దగ్గర రెండు మూడు స్వరాలు పలికించవచ్చు, ఎందుకంటే మెట్టు ఎత్తుగా ఉంటుంది, మైనంలో పాతుకుని ఉంటుంది. ఇక్కడ మెట్టు ఒక మిల్లీమీటరు కూడా ఎత్తు లేదు, పైగా కట్టినది. నాలుగోసారి లాగేసరికి మెట్టే 1.5 మి.మీ. జరిగింది, సాయంత్రమంతా శ్రుతి పోయింది. ఇంకో వాద్యం మీద బలంగా లాగితే తంతి తెగింది. జారుడుగా పలికించమంటే మెట్ల మీద గెంతుతూ పోయింది, జారుడు రాలేదు. మొత్తం తీసేశాం.

ఎత్తు స్వరాలు: ట్రెబుల్‌కు వయొలిన్ లాగా పైన ‘డి’ దాకా రాశారు. పై తంతి మీద ఏడో మెట్టుకు వచ్చేది ‘ఎ’. దాని పైన మెట్లు లేవు, నాదం పీలగా అయిపోతుంది. 0.48 మి.మీ. పై తంతి అక్కడే తెగింది కూడా. అన్నీ ‘ఎ’ లోపలికి దించాం.

కమాను గుర్తులు: వయొలిన్‌కు బలమైన దెబ్బ మీద కమానును లాగుతారు. వయల్‌కు బలం తోయడంలో ఉంది. ఆమె పెట్టిన గుర్తులన్నీ మాకు తిరగబడ్డాయి. సరిచేయడం కంటే మొత్తం చెరిపేసి, బలం ఎక్కడ కావాలో మాత్రం రాయమన్నాం.

ధ్వని పెంచడం: ఎనిమిది బార్‌ల (తాళావర్తనాల) పాటు ఒకే స్వరాన్ని అస్సలు వినిపించని స్థాయి నుంచి హాలు నిండే దాకా పెంచమని రాశారు. అంత పరిధి ఈ కమానుకు లేదు. దాని బదులు ఒక్కొక్కరే వచ్చి చేరేలా మార్చారు. ఒకటి, రెండు, మూడు వాద్యాలుగా నాదం పెరిగింది. మాకు అసలు దానికంటే ఇదే నచ్చింది.

పని చేసినది కూడా ఒకటి చెప్పాలి. బాస్ మీద ఒక వేలిని రెండో మెట్టుకు అడ్డంగా పెట్టి మూడు తంతులు నొక్కి, మిగతా మూడు వట్టిగా వదిలితే ‘డి’ మీద నిండు మేళవింపు, ఆరు తంతులూ మోగుతాయి. ఆమె దీన్ని తనంతట తానే కనిపెట్టి రచన మధ్యలో పెట్టారు. పెద్దాయన దాన్ని వాయించినప్పుడు నేల పలకలు కూడా పలికాయి.

ఇక తంబురా సంగతి. అక్కడే అసలు గండి పడింది. ఆమె నా మాట ప్రకారం ‘సి’ని ఆధారం చేసి, చుట్టూ అన్నీ దాని దగ్గరికే తిరిగి వచ్చేలా రాశారు. వింటే అందంగా ఉంది, కానీ పర్సెల్ పక్కన పెడితే నిద్రపోతున్నట్టు ఉంది. ఎందుకో ఇద్దరికీ అర్థం కాలేదు. ఆ రాత్రి ఫాంటసియా స్కోరు తీసి, ‘సి’ కింద ప్రతి చోటా దాని హోదా ఏమిటో పెన్సిలుతో రాసుకుంటూ పోయాను. ‘ఎఫ్’ను షడ్జమం అనుకుంటే అది పంచమం. కాసేపటికి అదే షడ్జమం. ఇంకో చోట ‘ఎ’ మీద సాధారణ గాంధారం. మరో చోట చుట్టూ ఉన్నవాటితో ఒరుసుకుంటూ ఎటూ చేరని స్వరం. తంబురా షడ్జమం ఇల్లు లాంటిది, రాగం ఎక్కడికి పోయినా అది కదలదు, దాని అర్థమూ మారదు. పర్సెల్ ‘సి’ కూడా కదలదు, కానీ దాని కింద నేల కదులుతూ ఉంటుంది. మనకు దీనికి దగ్గరగా ఉన్నది తంబురా కాదు, గ్రహభేదం. స్వరాలు ఉన్నచోటే ఉంటాయి, ఆధారం మారితే రాగమే మారిపోతుంది.

ఇరవయ్యొక్క ఏళ్ళ కుర్రవాడు రాశాడు దీన్ని, అదీ వయల్స్ మోజు తగ్గిపోతున్న రోజుల్లో. ఆయన బతికుండగా అచ్చు కూడా కాలేదు. పెన్సిలు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

మర్నాడు ఉత్తరం మళ్ళీ రాశాను. ఈసారి నాలుగు వరసలు: గమకం వద్దు. ‘సి’ ఉండాలి, కానీ అది ఇల్లు కాకూడదు. ఎత్తు పరిమితులు ఇవి. ఆరు నిమిషాలు. దానితో పాటు నా పెన్సిలు గుర్తుల స్కోరు కూడా పంపాను. “ఇది ముందే పంపి ఉంటే మొదటి ప్రతి రాసేదాన్నే కాదు” అన్నారు. నిజమే. మీరు ఎవరిచేతైనా రాయించుకుంటే, ఉత్తరం రాసే ముందు వాళ్ళను ఒక రిహార్సల్‌లో కూర్చోబెట్టి, ఒక వయల్‌ను చేతికివ్వండి.

లెక్క: హాలు ఆరు గంటలకు 72, ఆమె ప్రయాణం 46, రెండు తంతులు 28. మొత్తం 906 పౌండ్లు. గంటలు 35. తెగిన తంతులు 3.

దశ 5: రెండో ప్రతి, రిహార్సళ్ళు (ఏప్రిల్, మే)

రెండో ప్రతిలో ఆమె చేసిన మార్పు చూసి ఆశ్చర్యపోయాం. ‘సి’ని ఒక్కరే పట్టుకోరు. ఐదుగురి మధ్య చేతులు మారుతుంది. ఎవరు పట్టుకున్నారో దాన్ని బట్టి కింది నేల మారుతుంది. ఆరు నిమిషాల ఇరవై సెకన్ల రచన, అందులో అలాంటి చేతిమార్పులు పదకొండు.

వాటిల్లో మొదట మూడే కుదిరాయి. ఫోనుతో రికార్డు చేసి విన్నాం.

ప్రయత్నం 1: ఒకరు ఆపగానే ఇంకొకరు మొదలుపెట్టడం. మధ్యలో గుంట పడింది.

ప్రయత్నం 2: ఒక దెబ్బ పాటు ఇద్దరూ కలిసి మోగించడం. గుంట పోయి గూని వచ్చింది.

ప్రయత్నం 3: రెండు దెబ్బల పాటు కలిసి. తీసుకునేవారు కమానును ముందే తంతి మీద ఆనించి ఉంచాలి, గాల్లోంచి దించకూడదు. ఇచ్చేవారు రెండో దెబ్బలో బరువు తీసెయ్యాలి, కమాను వేగం మాత్రం తగ్గించకూడదు. ఇది పని చేసింది. పదకొండులో తొమ్మిది కుదిరాయి.

మిగిలిన రెండూ ట్రెబుల్ నుంచి టెనర్‌కు వెళ్ళేవి. ట్రెబుల్ ‘సి’ వట్టి తంతి, ఘంటలా మోగుతుంది. టెనర్ ‘సి’ మెట్టు మీద వేలితో నొక్కినది, గొంతు బొంగురు. కొలిస్తే 6 సెంట్ల తేడా కూడా ఉంది. ట్రెబుల్‌ను ‘జి’ తంతి మీద ఐదో మెట్టు దగ్గర వాయించమన్నాం, అక్కడా అదే ‘సి’ వస్తుంది. నాదం దగ్గరపడింది. తేడా 2 సెంట్లకు తగ్గింది. స్వరకర్తను అడిగి పార్టులో అలాగే రాయించాం.

కూర్చునే తీరు కూడా మార్చాం. అప్పటిదాకా శ్రోతల వైపు అర్ధచంద్రంలో కూర్చునేవాళ్ళం. ఈ కొస వాళ్ళకు ఆ కొస కమాను కనిపించేది కాదు. స్వరకర్త డౌలండ్ 1604లో అచ్చు వేయించిన ‘లాక్రిమే’ సంగీత పుస్తకంలో ఒకే తెరిచిన పుటల మీద పార్టులన్నీ తలో దిక్కుకు తిరిగి ఉంటాయి, బల్ల చుట్టూ కూర్చుని చూసుకునేలా. ఈ సంగీతం పుట్టింది ఇళ్ళలో, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ. మేమూ ఒకరికొకరు ఎదురుగా దగ్గరగా కూర్చున్నాం, శ్రోతల వైపు ఒక్క పక్క మాత్రం తెరిచి ఉంచి. ఒక కమాను కొస నుంచి ఇంకో కమాను కొసకు మూడు అడుగులు. ఆ రోజే పదకొండూ కుదిరాయి.

లెక్క: హాలు ఎనిమిది రిహార్సళ్ళకు 240, స్వరకర్తకు రెండో సగం 400, పార్టుల ముద్రణ 19. మొత్తం 1565 పౌండ్లు. గంటలు 55.

దశ 6: కచేరీ (జూన్)

ఊరి చిన్న చర్చిలో సాయంత్రం. పర్సెల్ కంటే ముందువాళ్ళైన గిబ్బన్స్, జెన్‌కిన్స్ ఫాంటసియాలతో మొదలుపెట్టి, చివర్లో పర్సెల్, దాని వెంటనే చప్పట్లకు చోటివ్వకుండా కొత్త రచన. రెంటి మధ్య ‘సి’ ఆగలేదు. పర్సెల్ ముగింపులో టెనర్ పట్టుకున్న స్వరాన్ని నేను నా టెనర్ మీద అందుకున్నాను, కొత్త రచన అక్కడి నుంచే మొదలైంది. ఇది ఆమె ఆలోచనే, కచేరీకి వారం ముందు చెప్పారు.

తలుపులు మూసేసరికి లోపల వేడి పెరిగింది. ముందే శ్రుతి చేసుకున్నాం గానీ మధ్యలో మళ్ళీ చేసుకునే వీలు లేదు. వాయిస్తుండగా ఏదో జారుతోందని తెలుస్తూనే ఉంది, ఎంతో తెలియలేదు.

లెక్క: చర్చికి 90. మొత్తం ఖర్చు 1655 పౌండ్లు. ఐదుగురం నెలకు 20 చొప్పున పది నెలలు వేసుకున్నది 1000, శ్రోతలు బయటికి వెళ్తూ పెట్టె‌లో వేసినది 412. తక్కువ పడిన 243ను తలా 48.60 పంచుకున్నాం. గంటలు 60. కచేరీలో తంతులు తెగలేదు.

మర్నాడు రికార్డింగును కంప్యూటరులో పెట్టి చూశాను. మొదట్లో ‘సి’ 247.5 హెర్ట్జ్. కొత్త రచన చివర్లో, ఐదుగురం ఒకేసారి ఆ స్వరం మీదికి వచ్చి నిలిచే చోట, 246.9. నాలుగు సెంట్లు కిందికి దిగింది. ఐదు వాద్యాలనూ విడివిడిగా చూద్దామని ప్రయత్నించాను, తెరమీద ఐదు గీతలు రాలేదు. ఒకటే గీత వచ్చింది.

సెప్టెంబరుకు ముందు చెయ్యాల్సినవి: నా టెనర్ మొదటి మెట్టు అరిగింది, మళ్ళీ కట్టాలి. ట్రెబుల్ టాస్టినో టేపు వేడికి వదులైంది, జిగురుతో అతికించి చూడాలి. రెండో బాస్ కోసం వెతుకుతున్నాం. ఆరో పార్టు రాస్తానని ఆమె అన్నారు.